వల్నరబుల్ ప్లాక్

ట్రెడ్‌మిల్ పరీక్షలో అంతా బాగుందన్న మనిషికి కొద్ది రోజులకే గుండెపోటు రావచ్చు. ఆ పరీక్ష పట్టేది రక్తం సరిగా పారనంతగా ఇరుకైన ధమనిని. గుండెపోటు మాత్రం చాలాసార్లు అంతగా ఇరుకవని చోట, ధమని గోడలో దాగిన మెత్తటి కొవ్వు పూడిక చిట్లడం వల్ల వస్తుంది. అలా చిట్లే ప్రమాదమున్న పూడికే వల్నరబుల్ ప్లాక్.

లోపల కొలెస్ట్రాల్ ముద్ద, పైన పలుచని పొర. అక్కడ చేరిన మాక్రోఫేజ్ కణాలు వదిలే ఎంజైములు పొరలోని కొలాజెన్‌ను కరిగిస్తాయి. పొర తెగితే ముద్ద తగిలి రక్తం గడ్డ కడుతుంది, ధమని మూసుకుపోతుంది. చిట్లిన పూడికల్లో ఈ పొర మందం సాధారణంగా 65 మైక్రాన్లలోపే ఉంటుందని పాథాలజిస్ట్ రేణు విర్మాని బృందం 1997లో చూపింది. అంటే దాదాపు తల వెంట్రుకంత.

అంత సన్నని పొరను కొలవగలిగేది ధమనిలోకి గొట్టం పంపి కాంతితో చూసే ఓసీటీ. సీటీ యాంజియోగ్రామ్‌కు పొర కనబడదు, కొవ్వు నిండిన పూడిక మాత్రం తెలుస్తుంది.

కనిపించిన ప్రతి ప్లాకూ చిట్లదు. చాలావాటి వల్ల ఏ హానీ జరగదు. అందుకే స్కాన్ చూసి స్టెంటుకు తొందరపడటం సరికాదు. స్టెంట్ ఒక్కచోటే పనిచేస్తుంది. స్టాటిన్ మాత్రలు ధమనులన్నిటిలో ఆ పొరను మందంగా, గట్టిగా చేస్తాయి.