పడవకు వాసెన

ఊరగాయ జాడీకి వాసెన కట్టని తెలుగిల్లు అరుదు. జాడీ మూతిపై గుడ్డ పరచి, అంచుకు దిగువనున్న మెడ చుట్టూ త్రాడు బిగించడమే వాసెన. ఈ చిన్న పనిలో ఒక శాస్త్ర సూత్రం ఇమిడి ఉన్నది. జాడీ అంచు చుట్టుకొలత పెద్దది. దాని క్రింది మెడ చుట్టుకొలత చిన్నది. మెడవద్ద బిగిసిన త్రాడు అంచును దాటి పైకి రాలేదు. త్రాడు పైకి రానంతవరకు గుడ్డ కూడా ఊడదు. ఒడ్డున నిలిపిన పడవకు కొలతకు సరిపోయేట్లు కుట్టి, పట్టీతో బిగించే ముసుగు సైతం ఈ సూత్రంపైననే ఆధారపడినది. అయితే జాడీ గుండ్రనిది. పడవ కోలగా ఉండేది. ఈ ఒక్క భేదంవలన పుట్టే చిక్కులేవో, వాటిని తీర్చే ఉపాయాలేవో వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

మన సీమలో పడవ

చుండూరు సముద్రతీరాన లేదు. అయినను పడవ మనకు పరాయిది కాదు. 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తి అయిన తరువాత పశ్చిమ డెల్టా కాలువలు పొలాలకు నీటితోపాటు పడవలకు దారిని కూడా ఇచ్చినవి. దుగ్గిరాలనుండి పెదగంజాం వరకు సాగే కొమ్మమూరు కాలువ అక్కడ బకింగ్‌హాం కాలువను కలిసి మద్రాసు వరకు జలమార్గం ఏర్పరచినది. రైలు, లారీ వచ్చిన పిమ్మట ఆ రాకపోకలు క్రమంగా క్షీణించినవి.

మనకు దక్షిణాన ఉన్న నిజాంపట్నానికి డచ్చివారు 1606లోను, ఆంగ్లేయులు 1611లోను వర్తకానికై వచ్చిరి. వారి వ్రాతలలో దాని పేరు పెటపోలి. నేడది మత్స్యకారుల రేవు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవల వేట నిషిద్ధం. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి చెందుటకు ఈ విరామం అవసరం. కాని ఆ 61 రోజులలోనే రోహిణికార్తె ఎండలు, వాటివెంట ఈదురుగాలులు, తొలకరి జల్లులు వచ్చును. వేట లేక రాబడి ఆగిన కాలంలోనే పడవ పాడగుటకు కారణాలన్నీ ఒకచోట చేరుచున్నవి. పడవను అప్పు చేసి కొన్న కుటుంబానికి ఈ రెండు నెలల సంరక్షణ చిన్న విషయం కాదు.

ఎండకు కొయ్యపడవ పలకలు ఎండి, సందులు విచ్చును. ఫైబరు పడవ పైపూత వన్నె తగ్గి పొడిగా రాలును. నైలాను వల సత్తువ కోల్పోవును. ఇంజనుకు అమర్చిన రబ్బరు గొట్టాలు బీటలు వారును. ఇక వాననీరు అడుగున నిలిచి, గాలి ఆడకపోయినచో కొయ్య కుళ్ళును. కనుక మంచి ముసుగు వెలుపలి నీటిని లోనికి రానీయక, లోపలి చెమ్మను వెలుపలికి పోనీయవలెను. మొదటిది అందరికీ తెలిసినదే. చెడిపోయిన ముసుగులలో చాలావరకు రెండవదానిని మరచినవే.

గుడ్డ, కొలత

ఈ పనిలో రెండు భాషలు కలిసి పనిచేయుట గమనింపదగినది. పడవ ముందు భాగానికి అణియం, వెనుక భాగానికి అమరం అనునవి రేవు మాటలు. దర్జీ, పరదా, లంగరు అనునవి ఫారసీనుండి ఉర్దూ ద్వారా మనకు చేరినవి. దర్జీ లేనిదే అణియానికి ముసుగు లేదు.

గుడ్డలలో నూలు కాన్వాసుకు ఒక సుగుణం కలదు. తడిసినప్పుడు దాని పోగులు ఉబ్బి సందులను మూయును. ఆరినప్పుడు గాలిని పోనిచ్చును. కాని అది బరువు. తడిగా మడిచినచో బూజు పట్టును. మన రైతులు ధాన్యపు కుప్పలపై కప్పే ప్లాస్టిక్ బరకం తేలిక, చవుక. కాని ఎండకు త్వరగా చిరుగును. పూత పూసిన పాలియెస్టరు గుడ్డ మన్నును గాని ఊపిరి పీల్చదు. దానిని వాడినచో అణియంవద్ద ఒకటి, అమరంవద్ద ఒకటి గాలికంతలు పెట్టి, వాన పడకుండ వాటిపై చిన్న చూరులు కుట్టవలెను.

ముసుగు బల్లపరుపుగా ఉండరాదు. ఒక చదరపు మీటరు చోట 5 సెంటీమీటర్ల లోతున నీరు నిలిచినచో దాని బరువు 50 కిలోలు. ఆ బరువుకు గుడ్డ మరింత సాగి, గుంట మరింత పెరుగును. అందువలన పూరిల్లు కప్పుకు వెన్నుగాడి ఉన్నట్లే, పడవ నడుమ పొడవునా ఒక వెదురును ఎత్తున నిలిపి ముసుగుకు రెండువైపుల వాలు కల్పింపవలెను.

ఉదాహరణకు పడవ వెడల్పు 6 అడుగులు, వెదురు ఎత్తు పక్క అంచుకంటె 1.5 అడుగులు అనుకొందము. సగం వెడల్పు 3 అడుగులు. లంబకోణ త్రిభుజ సూత్రం ప్రకారం ఒకవైపు వాలు పొడవు సుమారు 3.35 అడుగులు. అంచునుండి క్రిందికి వ్రేలాడుటకు 1 అడుగు, మడతకు 3 అంగుళాలు కలిపిన ఒకవైపునకు 4.6 అడుగులు, రెండువైపులకు 9.2 అడుగులు. పడవ వెడల్పు అన్నిచోట్ల ఒకటి కాదు గనుక ప్రతి రెండడుగులకు ఒకసారి ఇట్లే కొలిచి వ్రాసికొనవలెను. పాఠ్యపుస్తకంలోని సిద్ధాంతం ఇచ్చట దర్జీ టేపుగా మారుచున్నది.

పన్నాలను పడవకు అడ్డంగా పరచి అతుకవలెను. అప్పుడు కుట్టు వెదురునుండి అంచువైపు, నీరు జారే దిక్కుననే సాగును. నీరు కుట్టును అడ్డంగా దాటవలసిన పని ఉండదు. రెండు అంచులను ఒకదానిలోనొకటి మడిచి రెండు వరుసలు కుట్టినచో అతుకు గట్టిపడును. చదునైన గుడ్డ వంపు తిరిగిన అణియంపై సరిగా కూర్చొనదు. అక్కడ మిగిలిన గుడ్డను, రవికె కుట్టువారు చేసినట్లు, కోణాకారంగా మడిచి కుట్టవలెను.

పట్టీ, బిగింపు

ముసుగు అంచును 2 అంగుళాల గూడుగా మడిచి కుట్టి, పైజామాలో నాడా దూర్చినట్లు అందులో అంగుళం వెడల్పు పట్టీని దూర్చవలెను. ఈ గూడు పడవ పక్కల వెడల్పైన అంచుకు దిగువన నిలువవలెను. అదియే మన జాడీ మెడ. కొబ్బరిపీచు, నూలు త్రాళ్ళు తడిసినప్పుడు కుదించుకొని, ఆరినప్పుడు వదులగును. నైలాను తడిసినచో సాగును. పాలియెస్టరు పట్టీ ఈ రెండు దోషాలు తక్కువగా గలది.

బిగించుటకు ఒకే బకిలు చాలదు. దూలానికి రెండు చుట్లు చుట్టిన పలుపు పెనుగులాడే ఎద్దును సైతం ఆపును. చుట్టులోని రాపిడియే అందుకు కారణం. పట్టీ కూడా అణియం వంపు తిరిగేచోట రాపిడివలన తన బిగువును కొంత కోల్పోవును. ఒకచోటనే లాగినచో ఆ పక్క బిగిసి, ఆవలి పక్క వదులుగా నిలుచును. కనుక పడవ నడుమ కుడి ఎడమల ఒక్కొక్క బకిలు పెట్టి, మార్చి మార్చి కొద్దికొద్దిగా లాగవలెను.

ఇంత చేసినను ఒక చిక్కు మిగులును. విద్యార్థులు ఒక త్రాటిని స్తంభానికి చుట్టి లాగి చూడవచ్చును. అది స్తంభాన్ని నొక్కును. అదే త్రాటిని తిన్నని గోడవెంట లాగినచో గోడపై ఏ ఒత్తిడి ఉండదు. బిగిసిన త్రాడు వంపు ఉన్నచోటనే లోనికి నొక్కును. వంపు ఎంత చిన్నదైన నొక్కు అంత ఎక్కువ. జాడీ మెడ అంతయు వంపే గనుక వాసెన అన్నివైపుల సమంగా పట్టును. పడవ పక్కలు దాదాపు తిన్ననివి. అక్కడ పట్టీ ఎంత బిగించినను ముసుగు అంచు గాలికి లేచును. పట్టీని ఇంకా లాగినచో గూడు కుట్టు తెగునే గాని ఫలం లేదు.

దీనికి ఉపాయం అడ్డపట్టీలు. మూడు నాలుగు అడుగులకొకటి చొప్పున అంచునుండి పడవ అడుగుగా పోనిచ్చి ఆవలి అంచుకు బిగింపవలెను. పడవ ఇసుకపై ఆని, అడుగున పట్టీ దూరనిచో అంచుకు ఇసుక మూటలు వ్రేలాడదీయవచ్చును. ధాన్యపు కుప్పపై బరకం లేవకుండ త్రాళ్ళకు బరువులు కట్టుటలో ఉన్నదీ ఈ యుక్తియే. మూటకు ఒక గుణం కలదు: గుడ్డ సాగినను దాని లాగుడు తగ్గదు. కాని ఊగి పడవను కొట్టకుండ దానిని దగ్గరగా కట్టవలెను.

ముసుగుకు గల హద్దు

గాలి వేగం రెట్టింపైనచో దాని త్రోపు నాలుగు రెట్లగును. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపాన తీరం దాటిన మిచాంగ్ తుఫానులో గాలి గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగంతో, ఒక్కొక్క విసురున 110 కిలోమీటర్ల వరకు వీచినది. అట్టి గాలిలో ఒక మూల ఊడిన ముసుగు తెరచాప అగును. కాపాడవలసినదే పడవను బోల్తా కొట్టించును. తుఫాను హెచ్చరిక వినిన వెంటనే ముసుగు తీసి మడిచి, పడవను ఎత్తైన చోటికి చేర్చి గట్టిగా కట్టుటయే మేలు. ఇక 1977 నవంబరు 19న దివిసీమను ముంచి, వేలమంది ప్రాణాలను హరించిన ఉప్పెన వంటిదాని ఎదుట ఏ గుడ్డయు, ఏ పట్టీయు నిలువవు. అప్పుడు పడవకంటె ముందు మనుష్యులు కదలవలెను.

ఎండకు, వానకు మాత్రం ఈ ముసుగు చాలును. దానికి కావలసినది దుకాణంలో దొరికే విలువైన సరుకు కాదు. వాలు ఎంత, గాలికి దారి ఎక్కడ, పట్టీ నొక్కు ఎక్కడ ఉండును, ఎక్కడ ఉండదు అను నాలుగు విషయాల ఎరుక. మన విద్యార్థులలో దర్జీల బిడ్డలు, రైతుల బిడ్డలు, రేవు పల్లెల బిడ్డలు కలరు. వారి ఇండ్లలోని చేతిపనికి తరగతిలోని గణితం, భౌతికశాస్త్రం తోడైనచో నిషేధకాలం ముగిసి పడవ మరల నీటిలో దిగుననాడు బాగుచేత ఖర్చు తగ్గును. ఆ మేరకు ఒక కుటుంబపు అప్పు కూడా తగ్గును.