డాబా మీద నిమ్మచెట్టు... ఉప్పునీళ్లతో జాగ్రత్త!

నిమ్మకాయకు మన నెల్లూరు సీమ పుట్టిల్లు లాంటిది. గూడూరు, పొదలకూరు, వెంకటగిరి, సైదాపురం చుట్టుపక్కల తోటల్లో కాసిన కాయ లారీలెక్కి ఢిల్లీ దాకా పోతుంది. అయినా 2022 ఏప్రిల్లో ఒక్కో కాయ పది రూపాయలు పెట్టి కొనుక్కున్నాం. మజ్జిగలోకి పిండాలన్నా చేయి వెనక్కి లాగిన రోజులవి. ‘మనింట్లోనే ఓ చెట్టుంటే!’ అని అప్పుడు అనుకోని ఇల్లాలు ఉండదు.

పెరడున్న రోజుల్లో బావి గట్టు పక్కన నిమ్మచెట్టు దానంతటది పెరిగేది. ఇప్పుడు మనకు మిగిలింది డాబా, లేకపోతే అపార్టుమెంటులో బాల్కనీ. కుండీలో నిమ్మ కాస్తుందా అంటే, శుభ్రంగా కాస్తుంది. కానీ నర్సరీ నుంచి కాయలతో సహా ముచ్చటగా తెచ్చుకున్న మొక్క ఏడాది తిరక్కుండానే ఆకులు రాల్చేసి కట్టెపుల్లలా నిలబడటం కూడా చూస్తూనే ఉన్నాం. దిష్టి తగిలిందంటారు కొందరు. ‘నా చెయ్యి మంచిది కాదక్కా’ అని నొచ్చుకుంటారు ఇంకొందరు. సముద్రం దగ్గరున్న మన ఊళ్లలో చాలాసార్లు అసలు కారణం చెయ్యి కాదు, ఆ చేత్తో పోసే నీళ్లు.

నిమ్మకు ఉప్పు పడదు

పండ్ల చెట్లలో ఉప్పుకు బాగా బెదిరేవి నిమ్మజాతి చెట్లే. కొబ్బరి తట్టుకుంటుంది, సపోటా తట్టుకుంటుంది, నిమ్మ మాత్రం తట్టుకోలేదు. తీరం వెంట చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పన. తోటలో అయితే వానొచ్చినప్పుడు ఆ ఉప్పు నేలలోకి దిగిపోతుంది. కుండీలో దిగడానికి చోటేదీ? నీరు ఆవిరై పోతుంది, ఉప్పు ఉండిపోతుంది. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే అదే. ముదురాకుల కొసలు కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. మొక్క వాడుతోందని మనం అవే నీళ్లు మరో చెంబు పోస్తాం. రోగానికి రోగమే మందన్నట్టు!

కుళాయి నీళ్లు తియ్యగా ఉంటే అవే పోయండి. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మంచివే. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, బకెట్టు పెట్టి పట్టుకోండి. వంటింట్లో నీళ్లు శుభ్రం చేసే ఆర్వో మిషను వృథాగా వదిలే నీళ్లను మాత్రం నిమ్మకు పోయకండి. మంచినీళ్లు మనకిచ్చి, ఉప్పంతా ఆ నీళ్లలోకి తోస్తుందది. ‘పారబోయడమెందుకు’ అని పొదుపుగా మొక్కలకు పోసే ఇల్లాళ్లు ఎందరో! ఆ నీళ్లు బాత్‌రూము కడగడానికి వాడుకోవచ్చు.

నెలకోసారి, కుండీలో పట్టేంత నీటికి రెండింతలు మంచినీళ్లు నెమ్మదిగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వండి. మట్టిలో చేరిన ఉప్పు కొట్టుకుపోతుంది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా. ఆ వాననీళ్లలో కుండీ తడిస్తే అంతకన్నా మంచి మందు లేదు. అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూసుకుంటే చాలు. తుపాను కబురు వింటే మాత్రం పిట్టగోడ మీది కుండీలన్నీ కిందికి దించేయండి.

కుండీ, మట్టి, మొక్క

మొదటే పెద్ద తొట్టిలో పెట్టొద్దు. చిన్న వేళ్లు పీల్చలేని చెమ్మ మట్టిలో నిలిచిపోయి వేరు కుళ్లుతుంది. ముందు పన్నెండంగుళాల కుండీ, రెండేళ్లయ్యాక పద్దెనిమిది, ఇరవై అంగుళాల తొట్టి. నీళ్ల డ్రమ్మును సగానికి కోసి రంధ్రాలు పెట్టినా సరిపోతుంది. రంధ్రం మీద ఓ పెంకుముక్క బోర్లించి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి నింపండి. ఇసుక పెన్నదే కావాలి. మైపాడుకు షికారు వెళ్లినప్పుడు తెచ్చే సముద్రపు ఇసుక వద్దు, అందులోనూ ఉప్పే. కుండీని ఇటుకల మీద ఎత్తి పెడితే నీరు కారిపోతుంది, శ్లాబూ చెమ్మెక్కదు.

గింజ నాటిన మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అంటుమొక్క త్వరగా కాస్తుంది. కొనేటప్పుడు అంటు కట్టిన చోటు చూసుకోండి. దానికి కింద నుంచి వచ్చే చిగుళ్లు మన నిమ్మవి కావు, గిల్లేయాలి. మన దగ్గర వెంకటగిరి పక్కన పెట్లూరులోనూ, తిరుపతిలోనూ నిమ్మ మీద పరిశోధన చేసే కేంద్రాలున్నాయి. తిరుపతి వాళ్ల ‘బాలాజీ’ రకం గజ్జి తెగులును కొంత తట్టుకుంటుంది. నర్సరీలో ఆ పేరు చెప్పి అడగండి. మొదటి ఏడాది పూసిన పూతను గిల్లేస్తే చెట్టు బలం పుంజుకుంటుంది. మనసొప్పదు కానీ, తప్పదు.

ఎన్ని నీళ్లు పోయాలన్నది గడియారం చూసి తేల్చేది కాదు. మట్టిలోకి వేలు రెండు కణుపులు దించి చూడండి. చెమ్మ తగిలితే ఆ పూటకి ఊరుకోండి. రోహిణి కార్తెలో మాత్రం డాబా మీద కుండీ గోడలు పెనంలా కాలి లోపల వేళ్లు ఉడికిపోతాయి. చుట్టూ తడిపిన గోనెసంచి కట్టి, మధ్యాహ్నం కాస్త నీడపట్టున ఉంచి, పొద్దునా సాయంత్రం తడి ఇవ్వాలి.

పూత తెప్పించే కిటుకు

నిమ్మ పూసిన ఐదారు నెలలకు కాయ చేతికొస్తుంది. ఎండాకాలంలో కాయ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో పూత రావాలి. అందుకు రైతులు కొన్నాళ్లు నీళ్లాపి చెట్టును వాడనిచ్చి, మళ్లీ నీళ్లు కడతారు. మన సీమలో ఆ రోజుల్లోనే వానలు మొదలై వాళ్ల ఎత్తును చెడగొడతాయి. ఎండాకాలపు కాయకు ధర పలకడానికి ఇదీ ఓ కారణమే. ఎకరాల తోటకు గొడుగు పట్టలేరు కానీ, మన కుండీని సన్‌షేడు కిందికి లాక్కోగలం కదా! అక్కడ ఎండ తగలాలి, వాన తగలకూడదు. ఆకులు పగటిపూట కాస్త వాలి రాత్రికి తేరుకునేంత వరకు నీళ్లాపండి. రాత్రికీ తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా పోసేయాలి. ఆ తర్వాత నిండుగా నీళ్లు పోసి గుప్పెడు వానపాముల ఎరువు వేస్తే పూత వస్తుంది.

పురుగు కనిపిస్తే

ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పురుగు. కొంచెం పెద్దయ్యాక పచ్చగా మారి లేతాకులన్నీ తినేస్తుంది. పొద్దున్నే ఏరి పారేస్తే చాలు. లేతాకు మీద వెండి గీతలు వంకరటింకరగా కనిపిస్తే పురుగు ఆకు లోపల దాక్కుందని అర్థం. ఆ ఆకులు తుంచేయండి. అవి వదిలిన గాయాల్లోంచే గజ్జి తెగులు ప్రవేశిస్తుంది. పిల్లలు తిరిగే డాబా మీద, రేపు మనమే పిండుకునే కాయ మీద ఘాటు మందులెందుకు? వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

చలిదేశంలోని అమ్మాయికి

ఉప్పు బాధ లేని చోట నిమ్మకు ఇంకో బాధ. ‘అమ్మా, ఇంట్లో పెట్టానో లేదో ఆకులన్నీ రాలిపోయాయి’ అని అమెరికా నుంచి ఫోనులో వాపోయే కూతుళ్లున్నారు. మంచు పడితే మన నిమ్మ బతకదు. అక్కడ వేసవంతా బయట ఉంచి, రాత్రి చలి 10 డిగ్రీలకు దిగకముందే లోపలికి తేవాలి. ఒక్కసారిగా కాదు, వారం పది రోజులు నీడలో అలవాటు చేసి తేవాలి. దక్షిణపు కిటికీ దగ్గర పెడితే ఎండ ఎక్కువసేపు తగులుతుంది. చలికాలంలో చెట్టు నిద్రపోతున్నట్టే లెక్క, నీళ్లు బాగా తగ్గించమనండి. అక్కడ చెట్లను చంపేది ఎక్కువగా వెలుతురు లేకపోవడం, నీళ్లు ఎక్కువవడం. ఇంట్లో తేనెటీగలు రావు కనుక పూలను మెత్తని కుంచెతో తడితే కాయ బాగా నిలుస్తుంది. మన నిమ్మ కంటే చలిని మెరుగ్గా ఓర్చేది మేయర్ నిమ్మ. 1908లో ఫ్రాంక్ మేయర్ అనే ఆయన చైనా నుంచి అమెరికాకు తెచ్చాడు. కుండీకి అదే సులువు.

చలిలో నిమ్మజాతిని పెంచడం రాజులకూ పెద్ద పనే. ఫ్రాన్సులో వెర్సాయి కోట దగ్గర 1684–86లో దానికోసమే ఓ పెద్ద భవనం కట్టారు. పెట్టెల్లో పెంచిన నారింజ చెట్లను చలికాలంలో అందులో దాచి, ఎండలొచ్చాక బయట పెడతారు.

ఒక్క మాట. ఇక్కడి మొక్కా, కొమ్మా, ఆఖరికి కరివేపాకు రెమ్మ కూడా సూట్‌కేసులో పెట్టి పంపకండి. అక్కడ విమానాశ్రయంలో పారేస్తారు. నిమ్మజాతిని మట్టుపెట్టే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డ ఆ తెగులుతో అక్కడి బత్తాయి తోటలు చాలా దెబ్బతిన్నాయి. అమ్మాయిని అక్కడి నర్సరీలోనే కొనుక్కోమనండి.

ముట్టుకుంటే వాడుతుందా?

బహిష్టయిన ఆడవాళ్లు తాకితే నిమ్మచెట్టు వాడిపోతుందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. తోటల్లో కాయలేరే కూలీల్లో ఆడవాళ్లు ఎంతమంది లేరు! నెలలో మూడు రోజులు వాళ్లు పని మానితే మన ఊరగాయ జాడీలు నిండేవా? ఎండ, నీరు, ఉప్పు, చెమ్మ... చెట్టుకు తెలిసిన లెక్కలివే. ఆ రోజుల్లోనైనా సరే, పొద్దున లేచి కుండీలో వేలు పెట్టి చూసుకోండి. అత్తగారు అడిగితే, నీళ్లు కావాలో వద్దో చూస్తున్నానని చెప్పండి.