రాజు విడిసిన ఇల్లు – బాటసారుల బస

ఢిల్లీలో హైదరాబాద్ హౌస్‌ను చూసినప్పుడల్లా నాకొక కుతూహలం కలిగేది. నిజాం ప్రభువు కోసం ఆ భవనాన్ని రూపొందించిన ఎడ్విన్ లట్యెన్స్, మన ఎండలెరగక ముందు తన వైపు చలిదేశంలో ఎటువంటి ఇళ్లు కట్టేవాడా అని. ఆ ముచ్చట స్కాట్లండులో తీరింది. ఎడింబరోకు తూర్పున సుమారు ఇరవై మైళ్ల దూరాన, సముద్రపు గాలి ఎడతెగక వీచే గలన్ అనే ఊళ్లో, ఆయన 1901లో కట్టిన ‘గ్రేవాల్స్’ ఉంది. ఇప్పుడది హోటలు. కనుక ఒక కప్పు టీ ఖరీదుతో నాబోటి పంతులు కూడా దొరలా లోపలికి అడుగు పెట్టవచ్చు!

గ్రేవాల్స్ అంటే బూడిదరంగు గోడలు. తీరా చూస్తే గోడలది తేనెరంగు. బూడిదరంగు ఉన్నది పైన పెంకులకు! మొదట దీని పేరు ‘హై వాల్స్’, అంటే ఎత్తయిన గోడలు. ఆ పేరే సార్థకమనిపిస్తుంది. సముద్రపు గాలి నుంచి పూలమొక్కలను కాచేవి ఆ తోటగోడలే. తోట రచన లట్యెన్స్‌తో కలిసి పనిచేసిన గెర్‌ట్రూడ్ జెకిల్‌దని చెబుతారు.

కట్టించినవాడు ఆల్‌ఫ్రెడ్ లిటిల్టన్. బ్రిటిష్ మంత్రిగా పనిచేశాడు. ఫుట్‌బాల్‌లోనూ క్రికెట్‌లోనూ ఇంగ్లండు తరఫున ఆడాడు. 1884లో ఆస్ట్రేలియాతో ఓవల్ మైదానంలో ఆడుతూ, వికెట్ కీపరై ఉండి కూడా బంతి పుచ్చుకుని, 19 పరుగులిచ్చి 4 వికెట్లు పడగొట్టిన ఘనుడు! గోల్ఫ్ మీద మోజుతో ప్రసిద్ధమైన మ్యూర్‌ఫీల్డ్ మైదానం పక్కనే ఈ విడిది కట్టించుకున్నాడు.

మంత్రిగారి ఇల్లు గదా అని మేడలూ బురుజులూ ఊహించుకుని వెళ్లాను. ఒక్కటీ లేదు. ఇల్లు నేలకు ఒదిగి ఉంది. ముఖభాగం మాత్రం లోపలికి వంపు తిరిగి, వచ్చిన చుట్టాన్ని చేతులు చాచి పిలుస్తున్నట్టుంటుంది. ఢిల్లీలో రాజసం చూపిన చేతికి ఈ అణకువ కూడా తెలుసన్నమాట!

తర్వాత ఇల్లు జేమ్స్ దంపతుల చేతికి వచ్చింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి వారికి అతిథి. ఆయన సౌకర్యం కోసం తోటగోడలోనే ఒక మరుగుదొడ్డి కట్టించారని చెప్పుకుంటారు! 1911లో రాబర్ట్ లోరిమర్ అనే స్కాటిష్ వాస్తుశిల్పి ఇంటికి కొంత భాగం చేర్చాడు. 1924లో కొన్నది సర్ జేమ్స్ హార్లిక్. అవును, మన పిల్లల పాలలో కలిపే హార్లిక్స్ వారి కుటుంబమే.

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ఇటువంటి ఇళ్లకు గడ్డుకాలం దాపురించింది. పన్నులు పెరిగాయి, పనివాళ్లు కరువయ్యారు. పైకప్పు ఉన్న ఇంటికి పన్ను కట్టవలసి వస్తుందని పైకప్పులే ఊడదీయించిన యజమానులున్నారు. ఎన్నో భవనాలు నేలమట్టమైపోయాయి. గ్రేవాల్స్ మాత్రం 1948లో హోటలుగా మారి బతికి బయటపడింది.

పుస్తకాల గదిలో టీ తాగుతూ కూర్చుంటే మా తాతగారి మండువా లోగిలి జ్ఞాపకం వచ్చింది. పంచుకోవడం కుదరక, ఎవరికీ పరాయివాళ్లకివ్వ మనసొప్పక, చివరకు దూలాలూ తలుపులూ విడదీసి కలప లెక్కన అమ్మేశాము. “మన ఇంట్లో ఎవరో అద్దెకుండడమేమిటి?” అని ఆనాడు గట్టిగా వాదించినవారిలో నేనూ ఒకణ్ణి.

బయటికి వస్తుంటే ఎవరో కొత్త దంపతులు పెట్టెలతో దిగుతున్నారు. ఇంటివారెవరో వారికి తెలియనక్కరలేదు. ఆ రాత్రి వారి కోసం ఆ ఇంట్లో దీపం వెలుగుతుంది. మా లోగిలికి ఆపాటి భాగ్యం కూడా మేము మిగల్చలేకపోయాం.