విత్తనపు ప్యాకెట్టు మీది పేరు – రైతు ఎంపిక

మర్కూక్ ప్రాంతపు రైతు తొలకరికి ముందు గజ్వేల్ దుకాణములో ప్రత్తి విత్తనము కొనునప్పుడు సాధారణముగ ప్యాకెట్టు పేరు చెప్పి అడుగును. ఆ పేరు మనస్సులో ఎట్లు నిలిచినదో తెలిసికొనుట మేలు. విత్తనము తప్పినచో ఆ ఏటి అదను తిరిగి రాదు.

రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ ప్రయోగములలో, మేత పెట్టుటకు ముందు ప్రతిసారి ఒక చప్పుడు వినిపింపగా, కొన్నాళ్ళకు ఆ చప్పుడు వినినంతనే కుక్కకు నోరూరెను. అట్లే గోడమీది ప్రకటనలో విరగకాచిన చేను ప్రక్కన ఒక పేరును మాటిమాటికి చూచినచో, ఆ పేరు వినినంతనే మంచి పంట తోచును. ఇది మొదటి సూత్రము. రెండవది ఫలమును బట్టి నేర్చుట. ఒక ఏడు దిగుబడి బాగున్నచో మరల అదే పేరు కొందుము. కాని ఆ దిగుబడి సకాల వర్షము వలన వచ్చి యుండవచ్చును. మూడవది పోలిక. నమ్మిన ప్యాకెట్టు రంగును, బొమ్మను పోలిన దానిని కూడ నమ్ముదుము. నకిలీ విత్తనములు అమ్మువారికి ఇదియే ఆధారము.

వరంగల్ జిల్లా ప్రత్తి రైతులను పరిశీలించిన అమెరికా మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ డేవిస్ స్టోన్ 2007లో ఒక వ్యాసము ప్రకటించెను. రైతులు ఇరుగుపొరుగును చూచి ఒకే పేరు విత్తనమునకు ఎగబడి, త్వరలోనే దానిని విడిచి మరియొక దాని వెంట పోవుచుండిరి. పేర్లు త్వరత్వరగ మారుటచే స్వంత చేనిలో పరీక్షించి నేర్చుకొను అవకాశము తగ్గెనని ఆయన అభిప్రాయపడెను. 2006లో అనుమతి పొందిన బోల్‌గార్డ్-2 జన్యువులు గల ప్రత్తిని పలు కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్మినవి. కావున పేరు మారినంత మాత్రాన పురుగును తట్టుకొను గుణము మారదు. సంకర రకము మాత్రము మారవచ్చును.

రైతులు ఈ జాగ్రత్తలు తీసికొనవలెను:

1. క్రొత్త రకమును పొలమంతట వేయరాదు. తెలిసిన రకము ప్రక్కనే, ఒకే నేలలో, ఒకే రోజున, ఒకే మోతాదు ఎరువుతో కొద్దిపాటి జాగాలో విత్తి, రెండింటి దిగుబడిని తూచి వ్రాసికొనవలెను.

2. బొమ్మను గాక చీటీని చదువవలెను. రకము, లాటు నంబరు, మొలక శాతము, గడువు తేదీ చూడవలెను.

3. వరి, మొక్కజొన్న విత్తనములలో 100 గింజలను తడి గోనెపట్టాలో చుట్టి మొలకలు లెక్కింపవలెను. ధ్రువీకృత విత్తనమునకు ఉండవలసిన కనీస మొలక శాతము వరికి 80, సంకర మొక్కజొన్నకు 90.

4. రశీదును, ఖాళీ ప్యాకెట్టును, పిడికెడు విత్తనమును పంట ఇంటికి చేరువరకు దాచవలెను. మొలక సరిగా రానిచో వెంటనే వ్యవసాయ విస్తరణాధికారికి తెలుపవలెను. ఈ ఆధారములు లేనిచో నష్టపరిహారము పొందుట కష్టము.