ఫైలు నుదుట ఫసలీ

అనంతపురం పల్లెల్లో పాత అడంగల్ (పొలాల లెక్క పుస్తకం) తిరగేస్తే పేజీ తలమీద ఫసలీ, అంటే రెవెన్యూ ఏడాది సంఖ్య ఉంటుంది. జూలైతో మొదలయ్యే ఏడాది 2024 అయితే అందులోంచి 590 తీసేసి 1434 అంటారు. దాని కింద సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, వేసిన పైరు. వాన మొహం చాటేసి శెనక్కాయ ఎండిన ఏడాదైనా ఆ సంఖ్య మారాల్సిందే. పుస్తకంలో ఉన్నంతసేపూ దాన్నెవరూ పట్టించుకోరు. అప్పు కోసం నకలు తీసి బ్యాంకులో ఇచ్చినప్పుడే దాని అక్కర తెలుస్తుంది. విడి కాగితం ఏ ఏటిదో అదే చెప్పాలి.

ప్రోగ్రాములు రాసేవాళ్లకూ ఇలాంటి పుస్తకం ఒకటుంది. ఫైలును ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అన్నీ దాచిపెట్టే వర్షన్ కంట్రోల్. 1980ల మొదట్లో వాల్టర్ టిచీ తయారుచేసిన ఆర్‌సీఎస్‌లో, ఫైలు పైన రెండు డాలర్ గుర్తుల నడుమ ఐడీ అని రాసి వదిలేస్తే చాలు. ఫైలు పేరు, 1.4 లాంటి కూర్పు సంఖ్య, తేదీ, మార్చినవారి పేరు అదే నింపుకునేది. చేత్తో రాయమంటే ఎవరికి గుర్తుంటుంది!

చిక్కల్లా ఇద్దరి మార్పులు కలిపేటప్పుడే. ఒకే పేజీ నకళ్లు ఇద్దరి దగ్గరున్నాయి. ఒకరు పైరు గడి దిద్దారు, ఇంకొకరు విస్తీర్ణం. గడులు వేరు కాబట్టి కలపడం తేలికే. కానీ రెండింటి తలమీదా ఆ ఐడీ ముద్ర వేర్వేరుగా మారి కూర్చుంది. తర్వాత వచ్చిన సీవీఎస్‌లో ఈ తగువు మామూలే. అసలు మార్పుల్లో గొడవ లేకపోయినా ముద్ర దగ్గర పేచీ.

2005లో వచ్చిన గిట్‌కు ఇంకో ఇబ్బంది. అందులో కూర్పు సంఖ్యను ఫైళ్లలో ఉన్నదాన్ని కూడా కలిపి లెక్కకడతారు. దాన్ని తిరిగి ఫైల్లో రాయడమంటే, శెనక్కాయ మూట తూచి, బరువు పలకమీద రాసి, పలకను మూటలోనే వేసి కుట్టడం. మళ్లీ తూస్తే బరువు వేరే. అందుకే గిట్ పుస్తకంలో ఆ సంఖ్య వేయకుండా, విడిగా ఆర్కైవ్ తీసేటప్పుడు మాత్రం, మనం అడిగిన ఫైళ్లలో నింపుతుంది. నకలు మీద ఫసలీ అన్నమాట. నాకైతే ఇదే సబబు అనిపిస్తుంది.

పాత ఫైళ్లలో ఆ డాలర్ గుర్తుల ముద్రలు ఇంకా కనిపిస్తాయి, నింపే దిక్కులేక ఏనాటి తేదీ దగ్గరో ఆగిపోయి. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2020 చివర్లో గిట్‌కు మారి, 2023లో వాటిని వేల ఫైళ్ల నుంచి పెరికేశారు.