కొత్త ట్రక్కుకు యాక్సిడెంటా? ఏ షెడ్డుకు ఇవ్వాలో ఇలా తేల్చుకోండి

ట్రక్కు కొని రెండేళ్లు కూడా కాలేదు. ఇంతలోనే ముందు భాగం నుజ్జయింది. బండి తిరిగితేనే కిస్తీ కట్టగలరు. ఇలాంటప్పుడు షెడ్డులో ఎవరైనా మొదట అడిగేది ‘ఎన్ని రోజుల్లో ఇస్తారు?’ అని. తర్వాత ‘ఎంతవుతుంది?’ అని. కానీ ఈ రెండింటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ‘ఛాసిస్ కొలతలు తీస్తారా?’

పికప్‌లు, చిన్న ట్రక్కుల్లో చాలావాటికి నిచ్చెన ఆకారపు ఛాసిస్ ఉంటుంది. క్యాబిన్, లోడు బాడీ దానిమీదే నిలబడతాయి. క్యాబిన్ సొట్ట కంటికి కనిపిస్తుంది. ఛాసిస్ కొద్దిగా వంగితే కనిపించదు. పైన రంగు మెరుస్తున్నా స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది, లోడు మీద బ్రేకు వేస్తే బండి పక్కకు గుంజుతుంది. అప్పటికి బిల్లు కట్టేసి ఉంటారు.

ముందు పాలసీ, తర్వాతే షెడ్డు

ప్రమాదం జరిగిన వెంటనే బండిని, చుట్టుపక్కలను అన్ని వైపుల నుంచి ఫోన్‌లో ఫొటోలు తీయండి. బీమా కంపెనీకి సమాచారం ఇవ్వండి. ఎవరికైనా గాయాలైనా, వేరేవాళ్ల ఆస్తి దెబ్బతిన్నా పోలీసులకు చెప్పాలి. సర్వేయర్ చూడకముందే పని మొదలుపెట్టనివ్వొద్దు. విప్పేసిన బండికి దెబ్బ ఎంత తగిలిందో నిరూపించడం కష్టం.

ఆర్సీ, డ్రైవర్ లైసెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్ దగ్గర పెట్టుకోండి. వీటిలో ఏది గడువు దాటినా క్లెయిము చిక్కుల్లో పడొచ్చు.

క్యాష్‌లెస్సా, మీకు నచ్చిన షెడ్డా?

కంపెనీ జాబితాలోని గ్యారేజీకి ఇస్తే క్యాష్‌లెస్ సౌకర్యం ఉంటుంది. మీ వాటా మీరు కడితే మిగతాది కంపెనీ చెల్లిస్తుంది. బయటి షెడ్డుకు ఇస్తే ముందు మీరే మొత్తం కట్టి, బిల్లులతో క్లెయిము చేసుకోవాలి. కాబట్టి పక్కా బిల్లు ఇవ్వని షెడ్డు చవకగా చేస్తానన్నా చివరికి మీకే నష్టం.

విజయవాడ, హైదరాబాద్ ఆటోనగర్‌లలో చేయి తిరిగిన టింకరింగ్ పనివాళ్లకు కొదవ లేదు. అయితే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో సెన్సర్లు, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. చేతిపనితో పాటు పరికరాలూ ఉన్న షెడ్డే కావాలి.

షెడ్డులో అడగాల్సినవి

• ఛాసిస్‌ను బెంచీ మీద పెట్టి కంపెనీ కొలతలతో సరిచూస్తారా? మరమ్మతుకు ముందు, తర్వాత తీసిన కొలతల కాగితం ఇస్తారా?
• ఛాసిస్‌ను గ్యాస్ మంటతో వేడి చేసి వంచుతారా? అలాగైతే కంపెనీ రిపేర్ మాన్యువల్ ఒప్పుకుంటుందో లేదో చూపించమనండి. గట్టి ఉక్కును వేడి చేస్తే బలం తగ్గొచ్చు.
• వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ కనెక్షన్ తీస్తారా? తీయకపోతే ఎలక్ట్రానిక్ యూనిట్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.
• కంపెనీ స్పేర్లు వేస్తారా, బయటివా? ఎస్టిమేషన్‌లో ఒక్కో పార్టు పక్కన రాయించండి.
• పెయింట్ బూత్ ఉందా, ఆరుబయటే కొడతారా?
• పనికి ఎన్నాళ్ల గ్యారంటీ? బిల్లు మీద రాసిస్తారా?

బండి వారంటీలో ఉంటే, బయట చేయించిన పని దానిపై ఎలాంటి ప్రభావం చూపుతుందో వారంటీ పుస్తకంలో ముందే చదవండి.

విప్పిన తర్వాత కొత్త దెబ్బలు బయటపడటం మామూలే. అప్పుడు అదనపు ఎస్టిమేషన్ వేయించి, సర్వేయర్ ఆమోదించాకే పని సాగనివ్వండి.

మీ జేబు నుంచి ఎంత?

సాధారణ సమగ్ర పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ పార్టులపై 50 శాతం, ఫైబర్‌గ్లాస్‌పై 30 శాతం తరుగు కోస్తారు. అద్దానికి కోత లేదు. ఇనుప పార్టులకు బండి వయసును బట్టి లెక్క: ఆరు నెలల వరకు ఏమీ ఉండదు, ఏడాదిలోపు 5 శాతం, రెండేళ్లలోపు 10 శాతం, మూడేళ్లలోపు 15 శాతం. ఏడాదిన్నర బండికి 40,000 రూపాయల ఇనుప పార్టులు పడితే 4,000 మీ వాటా. తప్పనిసరిగా మీరు భరించాల్సిన మొత్తం దీనికి అదనం. జీరో డిప్ ఉంటే షరతుల మేరకు తరుగు కోత తప్పుతుంది.

సరుకు రవాణా బండ్లకు ఇంకో మెలిక ఉంది. లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్లు, రంగు ఖర్చు మామూలు పాలసీలో రావు. ‘ఐఎంటీ-23’ అనే అదనపు కవర్ తీసుకుని ఉండాలి. మీ పాలసీ కాగితంలో అది ఉందో లేదో ఇప్పుడే చూడండి.

మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్‌గా పరిగణిస్తారు. అప్పు మీద కొన్న బండి అయితే ఆ డబ్బు ముందు ఫైనాన్స్ సంస్థకు వెళ్తుంది.

బండి తీసుకునే రోజు

పగటి వెలుతురులో చూడండి. తలుపులు, బానెట్ సందులు రెండు పక్కలా సమానంగా ఉండాలి. వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు తీసుకోండి. డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలగకూడదు. ఖాళీగా ఒకసారి, కుదిరితే లోడుతో ఒకసారి నడపండి. మార్చిన పాత పార్టులు చూపించమనండి. ఛాసిస్ నంబరు చెరిగిపోకుండా ఉందో లేదో చూడండి. ఛాసిస్సే మార్చాల్సి వచ్చి ఉంటే ఆర్టీఏ కార్యాలయంలో ఆర్సీలో మార్పు చేయించుకోవాలి.

తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

క్లెయిముపై అభ్యంతరం ఉంటే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. పరిష్కారం కాకపోతే ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్, లేదా 155255 నంబరు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. ఫీజు లేదు. వ్యక్తులతో పాటు సొంత వ్యాపారులు, సూక్ష్మ సంస్థలు కూడా వెళ్లొచ్చు.

షెడ్డు పని బాగాలేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్లలోపు కేసు వేయాలి. ‘వ్యాపార బండికి వినియోగదారు చట్టం వర్తించదు’ అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గొద్దు. సొంతంగా కష్టపడి బతుకుతెరువు కోసమే బండి నడుపుకునేవారిని 2019 చట్టం వినియోగదారుగానే గుర్తిస్తుంది. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఎస్టిమేషన్, బిల్లు, ఫొటోలు, కొలతల కాగితమే. అందుకే షెడ్డులో మాట మీద కాకుండా కాగితం మీద పని చేయించుకోండి.