కుటుంబ భోజనంలో సంపూర్ణ సస్యాహారం

శరీర పోషణకు ఆహారమే మూలాధారం. అయితే కడుపు నిండడం వేరు, శరీరానికి పోషణ లభించడం వేరు. ఈ భేదాన్ని గుర్తించినవారు సూచించే మార్గాలలో సంపూర్ణ సస్యాహారం ఒకటి. తవుడు పోగొట్టని ధాన్యాలు, పప్పుదినుసులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, గింజలు – వీటిని సాధ్యమైనంతవరకు సహజరూపంలోనే వండుకొని తినడమే దీని అర్థం. ఇది ఏ ఒక్క మతానికీ చెందిన నియమం కాదు. మాంసాహారుల ఇండ్లలోనూ నిత్యభోజనంలో అధికభాగం సస్యములనుండి లభించేదే. ఆ అధికభాగాన్ని సారవంతం చేసుకోవడం ఎట్లా అన్నదే ప్రశ్న.

ధాన్యపు గింజలో తవుడు, మొలక, పిండిభాగం అని మూడు భాగాలున్నాయి. పీచు, ఇనుము, బి విటమినులు ఎక్కువగా మొదటి రెండింటిలో ఉంటాయి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో మిగిలేది ముఖ్యంగా పిండిభాగమే. ఈ సత్యాన్ని లోకానికి తెలిపినది బెరిబెరి వ్యాధి. 1890 దశకంలో జావా ద్వీపంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడడాన్ని, ముడిబియ్యం పెట్టిన పిమ్మట అవి కోలుకోవడాన్ని గమనించాడు. 1929లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకడు. మన దేశంలో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనయే క్రమంగా విస్తరించి, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థగా రూపొందింది.

ఇందుకు కావలసిన పదార్థాలు మనకు కొత్తవి కావు. తెలంగాణ జొన్నరొట్టె, రాయలసీమ రాగిసంగటి, కోస్తా దంపుడుబియ్యం, హైదరాబాదు దస్తర్‌ఖానుపై ఖట్టీదాల్ – ఇవన్నీ మన సొత్తే. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండగా, తెల్లబియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దరిదాపులలోనే ఉంటుంది. ధాన్యంలో కొరవడిన మాంసకృత్తుల అంశాన్ని పప్పు పూరిస్తుంది; పప్పులోని కొరతను ధాన్యం తీరుస్తుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి నిమ్మరసం సహాయపడుతుంది. భోజనం కాగానే త్రాగే చాయ్ దానికి అడ్డు తగులుతుంది. పప్పుధాన్యాలను నానబెట్టి మొలకెత్తిస్తే వాటిలోని ఖనిజాలు మరింత సులభంగా లభిస్తాయి.

ఒక హెచ్చరిక అవసరం. బి12 విటమిను సస్యాహారంలో నమ్మదగినంతగా లభించదు. పాలు, గుడ్లు, మాంసం, చేపలు పూర్తిగా విడిచినవారు వైద్యుని సలహాతో దానిని విడిగా తీసుకొనవలసినదే. గర్భిణులు, పసిపిల్లల విషయంలో ఈ జాగ్రత్త మరింత ముఖ్యం.

అన్నిటికంటె ముఖ్యమైనది గృహిణి స్థితి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏండ్ల భారత స్త్రీలలో 57 శాతం రక్తహీనులు. అందరికీ వడ్డించి, మిగిలినది తాను తినే తల్లికి తరచు దక్కేది అన్నం, పులుసునీళ్లు మాత్రమే. పప్పు, కూర అడుగంటిన పిమ్మట ఆమె కంచంలో ఏ సస్యాహార సిద్ధాంతమూ నిలువదు. పూర్వం దంపుడు శ్రమ స్త్రీలదే. ఆ రోకలిని మరల వారి చేతికి ఇవ్వనక్కరలేదు. పైపొట్టు మాత్రమే తీసి తవుడును నిలిపే మరలు నేడు ఉన్నాయి. ఆకుకూర ఏరడం, పప్పు నానబెట్టడం, రొట్టె కాల్చడం కుమారులకు కూడా చేతకాని పనులు కావు.

కావున ఈ మార్పు ఒక్కసారిగా కాక, క్రమంగా జరగాలి. వారానికి రెండు పూటలు ముడిబియ్యమో జొన్నరొట్టెయో, ప్రతిదినం ఒక ఆకుకూర – ఆరంభానికి ఇది చాలు. మన కళాశాల కమిటీ వారు క్యాంటీనులో ఉడికించిన శనగలకు, వేరుశనగలకు చోటు కల్పిస్తే విద్యార్థులకు మేలు కలుగుతుంది. ఇంట మాత్రం ఆ బాధ్యత విద్యార్థులది: తల్లిని కూడా తమతోపాటు కూర్చుండబెట్టి, ఆమె కంచంలో ముందుగా పప్పు, కూర వడ్డించడం.